నాన్నగారిని చేర్చబోయే చోటు మంచిదో కాదో ఎలా తెలుస్తుంది?

ప్రశ్న: మా నాన్నగారి వయసు 74. విశాఖ పూర్ణా మార్కెట్‌లో చాలా ఏళ్లు కిరాణా దుకాణం నడిపారు. గత నెలలో మెదడులో ఎడమవైపు రక్తం గడ్డకట్టి పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట సరిగా రావడం లేదు. ముక్కు గొట్టం ద్వారా ఆహారం ఇస్తున్నారు, మూత్రానికి క్యాథెటర్ ఉంది. వచ్చే వారం డిశ్చార్జి చేస్తామంటున్నారు. మేము సీతమ్మధారలో లిఫ్టు లేని మూడో అంతస్తులో ఉంటున్నాం. అమ్మకు మోకాళ్ల నొప్పులు, నాకు ఉద్యోగం. పుణెలో ఉన్న తమ్ముడు రుషికొండ వైపు సముద్రం కనిపించే పెద్ద నర్సింగ్, పునరావాస కేంద్రాన్ని ఆన్‌లైన్‌లో చూసి, రేటింగ్ బాగుంది కాబట్టి అక్కడే చేర్చమంటున్నాడు. నేను ఎం.వి.పి. కాలనీలో ఒక ఇంటిని మార్చి నడుపుతున్న చిన్న కేంద్రాన్ని చూశాను. అక్కడికైతే అమ్మ రోజూ వెళ్లి రాగలదు. రెండింటిలో ఎక్కడ బాగా చూస్తారో ఎలా తేల్చుకోవాలి? బంధువులేమో, కన్నతండ్రిని తీసుకెళ్లి ఎక్కడో పడేస్తారా అంటున్నారు.
పేరు వద్దన్న పాఠకురాలు, సీతమ్మధార

సమాధానం:

అమ్మా, ముందు బంధువుల మాట సంగతి చూద్దాం. అది మనసులో గుచ్చుకుంటున్నంతసేపు మీరు ఏ కేంద్రానికి వెళ్లినా చూడవలసినవి కంటికి ఆనవు. తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమం కోసం 2007లో వచ్చిన చట్టం కూడా నేరంగా చెప్పింది పెద్దవారిని పూర్తిగా వదిలించుకునే ఉద్దేశంతో ఎక్కడైనా విడిచిపెట్టడాన్ని మాత్రమే. రాత్రింబవళ్లు నర్సింగ్ అవసరమైన మనిషిని ఆ పని తెలిసినవారికి అప్పగించి, వెన్నంటి ఉండి కనిపెట్టుకోవడం దానికి దరిదాపుల్లో కూడా లేదు. మోకాళ్ల నొప్పులున్న మీ అమ్మగారు కదలలేని మనిషిని రెండు గంటలకోసారి పక్కకు తిప్పలేరు. తిప్పబోయి ఆవిడ పడిపోతే ఇంట్లో రోగులు ఇద్దరవుతారు. ఈ మాట బంధువులకు ఒక్కసారి చెప్పండి, రెండోసారి చెప్పవలసిన అవసరం లేదు.

ఇక అసలు ప్రశ్న. మీ ఉత్తరంలో 'నర్సింగ్, పునరావాస కేంద్రం' అని ఒక్క ఊపిరిలో రాశారు, బోర్డుల మీద కూడా అలాగే ఉంటుంది. కానీ ఇవి రెండు వేర్వేరు పనులు. శుభ్రం చేయడం, తిప్పడం, మందులివ్వడం, గొట్టాలు చూసుకోవడం నర్సింగ్. పడిపోయిన కాలు మీద మళ్లీ నిలబెట్టడం, మింగడం నేర్పడం, పోయిన మాటను కూడదీయడం పునరావాసం. మొదటి పనికి గడువంటూ ఉండదు, రెండోదానికి ఉంటుంది. పక్షవాతం తర్వాత మెరుగుదల మొదటి మూడు నెలల్లో వేగంగా ఉంటుంది, ఆ తర్వాత కూడా కొనసాగుతుంది గానీ నెమ్మదిస్తుంది. కాబట్టి మీ నాన్నగారి విషయంలో ఇప్పటి వారాలు చాలా విలువైనవి. పునరావాసం పేరుతో డబ్బు తీసుకుని, రోజుకు పావుగంట కాళ్లూ చేతులూ కదిపి వెళ్లిపోయే చోట ఈ వారాలు గడిచిపోతే ఆ నష్టం పూడ్చుకోవడం కష్టం.

అందువల్ల రెండు చోట్లా మీరు అడగవలసిన మొదటి ప్రశ్న, 'మా నాన్నగారు నాలుగు వారాల్లో ఏం చేయగలగాలని మీరు అనుకుంటున్నారు?' అని. 'అన్నీ మేం చూసుకుంటాం, మీరు నిశ్చింతగా ఉండండి' అన్నది దీనికి జవాబు కాదు. 'ముందు ఆయన్ని చూడాలి, మంచం అంచున ఆసరా లేకుండా కూర్చోగలగడం మొదటి లక్ష్యంగా పెట్టుకుంటాం, ఆ తర్వాత ఒక మనిషి సాయంతో మంచం మీంచి కుర్చీలోకి మారడం' అని చెప్పేవారు పని తెలిసినవారు. బార్తెల్ సూచిక అని ఒక కొలత ఉంది. తినడం, స్నానం, బట్టలు వేసుకోవడం, మలమూత్రాల అదుపు, మరుగుదొడ్డికి వెళ్లడం, మంచం నుంచి కుర్చీకి మారడం, నడవడం, మెట్లెక్కడం వంటి పది పనులకు కలిపి నూరు మార్కులు వేస్తారు. చేరిన రోజున ఈ లెక్క వేసి, రెండు వారాలకోసారి మళ్లీ వేసి మీకు కాగితం మీద చూపించమని అడగండి. ఆ పేరు విన్నప్పుడు వారి ముఖంలో కనిపించే స్పందనే మీకు చాలా చెబుతుంది. ఫిజియోథెరపిస్టు రోజూ వస్తారా, వస్తే ఎంతసేపు ఉంటారు, ఆదివారం సంగతేమిటి అన్నవి కూడా అడగండి. మాట, మింగడం చూసే స్పీచ్ థెరపిస్టు తెలుగు తెలిసినవారై ఉండాలి. మెదడు ఎడమవైపు దెబ్బతిని మాట పోయినవారికి, వారు జీవితమంతా మాట్లాడిన భాషలోనే మాటను కూడదీయాలి. మీ నాన్నగారు బియ్యం, పప్పుల ధరలూ ఖాతాదారుల పేర్లూ నోటిమీద ఉంచుకున్న మనిషి. ఆ సంగతి థెరపిస్టుకు మీరే చెప్పండి, సాధన అక్కడి నుంచే మొదలుపెట్టవచ్చు.

తమ్ముడు చూసిన రేటింగ్ గురించి ఒక మాట. అమెరికాలో 2008 నుంచి నర్సింగ్ హోమ్‌లకు ప్రభుత్వమే ఒకటి నుంచి ఐదు వరకు నక్షత్రాలు ఇస్తోంది. వాటికి ఆధారం ఇన్‌స్పెక్టర్ల తనిఖీలు, సిబ్బంది సంఖ్య, రోగుల పరిస్థితికి సంబంధించిన కొలతలు. అక్కడ కూడా తొలినాళ్లలో సిబ్బంది లెక్కను ఆ సంస్థలే చెప్పుకునేవి. అది నమ్మదగినది కాదని తేలి, తర్వాత జీతాల పట్టీల నుంచి లెక్క తీసే పద్ధతి తెచ్చారు. ప్రభుత్వం పర్యవేక్షించే చోటే పరిస్థితి అది. ఇక్కడ మీ తమ్ముడు చూసిన నక్షత్రాల వెనుక ఏ తనిఖీ లేదు. మంచం మీద మాట పడిపోయి ఉన్న మనిషి రేటింగ్ ఇవ్వలేడు. ఇచ్చేది వారానికోసారి వచ్చి వెళ్లే బంధువు, ఆయనకు కనిపించేది రిసెప్షనూ ఏసీ గదీ. తనిఖీ అధికారి పని ఇక్కడ మీరే చేయాలి.

కాగితాల పని త్వరగా అయిపోతుంది కాబట్టి ముందు అది ముగించండి. మన రాష్ట్రంలో ప్రైవేటు వైద్య సంస్థలు 2002 నాటి రిజిస్ట్రేషన్, నియంత్రణ చట్టం కింద నమోదై ఉండాలి. ఆ ధ్రువపత్రం చూపించమనండి, గడువు తేదీ చూడండి. అనుమానం ఉంటే జిల్లా వైద్య ఆరోగ్యాధికారి కార్యాలయంలో విచారించండి. వృద్ధాశ్రమంగా నడుస్తూ ముక్కు గొట్టాలున్న రోగులను కూడా చేర్చుకునే చోట్లు ఉంటాయి. అక్కడివారు ఎంత దయగలవారైనా మీ నాన్నగారి ఇప్పటి స్థితికి ఆ దయ చాలదు.

ఇప్పుడు అన్నిటికన్నా ముఖ్యమైన దానికి వద్దాం. సంరక్షణ నాణ్యత ఎవరి చేతుల్లో, ఏ వేళలో జరుగుతోందన్న దాన్నిబట్టి ఉంటుంది. పగలు పదకొండు గంటలకు యజమాని, డాక్టరు, ఫిజియో అందరూ ఉంటారు. మీరు రాత్రి తొమ్మిది దాటాక ఒకసారి, ఆదివారం మధ్యాహ్నం ఒకసారి వెళ్లండి. రాత్రి ఎంతమంది రోగులకు ఎంతమంది మేలుకుని ఉంటారో లెక్క వేసుకోండి. వారిలో జీఎన్ఎమ్ (నర్సింగ్ డిప్లొమా) గానీ బీఎస్సీ నర్సింగ్ గానీ చదివిన నర్సు ఎవరు, ఆ నర్సుకు తోడుగా ఉన్న ఆయాలు, వార్డుబాయ్‌లు ఎందరు అన్నది విడివిడిగా అడగండి. తెల్లటి యూనిఫాం వేసుకున్న ప్రతివారినీ 'సిస్టర్' అని పిలవడం మన అలవాటు, కొన్నిచోట్ల ఆ అలవాటును యాజమాన్యాలు వాడుకుంటాయి. గొంతులో కఫం అడ్డుపడితే సక్షన్ యంత్రంతో తీసేదెవరు, ముక్కు గొట్టం జారిపోతే మళ్లీ వేసేదెవరు, రాత్రి రెండు గంటలకు అయితే ఎవరు అని సూటిగా అడగండి. సిబ్బందితో కూడా నాలుగు మాటలు మాట్లాడండి. ఎన్నాళ్లుగా పనిచేస్తున్నారు, షిఫ్టు ఎన్ని గంటలు, భోజనం ఎక్కడ చేస్తారు అని ఆప్యాయంగా అడిగితే చెబుతారు. శ్రీకాకుళం, విజయనగరం పల్లెల నుంచి, ఒడిశా నుంచి వచ్చి, రోజుకు పన్నెండు గంటలు మనుషుల్ని ఎత్తి దించే అమ్మాయిలు నెలనెలా మారిపోతున్నారంటే, వారికి అక్కడ సరిగా జరగడం లేదనే అర్థం. పనిచేసేవారికి సరిగా జరగని చోట రోగికి సరిగా జరుగుతుందని నేను నమ్మను.

ఆ తర్వాత చర్మం. కదలలేని మనిషికి ఎలా చూస్తున్నారో చర్మమే సాక్ష్యం చెబుతుంది. ఒకే భంగిమలో గంటల తరబడి పడుకుంటే తుంటి, నడుము కింది ఎముక, మడమల దగ్గర రక్తప్రసరణ ఆగి పడక పుండ్లు పడతాయి. మొదట కనిపించేది ఎర్రటి మచ్చ, వేలితో నొక్కి వదిలినా తెల్లబడదు. చామనఛాయ, నలుపు చర్మాల మీద ఆ ఎరుపు సరిగా తెలియదు కాబట్టి, చుట్టూ ఉన్న చోటుకన్నా వేడిగానో గట్టిగానో ఉందేమో చేత్తో తాకి చూడాలి. అప్పుడే ఒత్తిడి తీసేస్తే సాధారణంగా మానుతుంది. వదిలేస్తే ఎముక దాకా వెళుతుంది. మన విశాఖ ఉక్కపోతలో ఇది మరీ ప్రమాదం. చెమటకు, తడి డైపరుకు నానిన చర్మం త్వరగా ఊడిపోతుంది. రెండు గంటలకోసారి తిప్పుతామని అందరూ చెబుతారు. తిప్పినట్టు రాసే చార్టు చూపించమనండి. మీరు ఉదయం పదకొండింటికి చూస్తున్నప్పుడు మధ్యాహ్నం రెండు గంటల గడిలో సంతకం ముందే పడి ఉంటే, లేదా రోజంతటి సంతకాలూ ఒకే కలంతో ఒకే ఒరవడిలో ఉంటే, ఆ చార్టు మీకోసం రాసినదే తప్ప రోగికోసం రాసినది కాదు. గాలి పరుపు ఉందని చూపిస్తారు. అది మంచిదే గానీ తిప్పడానికి బదులు కాదు. 'మీ దగ్గర చేరాక ఈ ఏడాది ఎవరికైనా పుండు పడిందా, పడితే ఏం చేశారు?' అని అడగండి. ఎవరికీ పడలేదని గట్టిగా చెప్పేవారికన్నా, ఒకరికి పడింది, ఫలానా కారణం, ఇలా మాన్పాం అని చెప్పేవారిని నమ్మండి.

ముక్కు గొట్టం, క్యాథెటర్ విషయంలో మీరు చూడవలసింది ఒకటే: వాటిని ఎప్పటికి తీయాలన్న ఆలోచన అక్కడ ఉందా లేదా. గొట్టం ఉంటే ఆహారం ఇవ్వడం తేలిక, క్యాథెటర్ ఉంటే పక్క తడవదు. సిబ్బంది తక్కువున్న చోట అవి అలా ఉండిపోతాయి. క్యాథెటర్ ఎన్ని రోజులుంటే మూత్రనాళ ఇన్ఫెక్షన్ వచ్చే అవకాశం అంత పెరుగుతుంది. మింగే శక్తిని పరీక్షించి, చిక్కటి జావతో మొదలుపెట్టి మెల్లగా నోటి ద్వారా తినిపించే ప్రయత్నం డాక్టరు, స్పీచ్ థెరపిస్టు కలిసి చేయాలి. మీ అంతట మీరు గానీ అమ్మగారు గానీ ప్రేమకొద్దీ ఒక చెంచా నీళ్లయినా నోట్లో పోయకండి. పక్షవాతంలో నీళ్లే త్వరగా ఊపిరితిత్తుల్లోకి జారతాయి, దానివల్ల వచ్చే న్యుమోనియా ప్రాణాంతకం. భోజన సమయానికి వెళ్లి, గొట్టం ద్వారా ఆహారం ఇస్తున్నప్పుడు రోగి తలవైపు మంచం కనీసం ముప్పై డిగ్రీలు ఎత్తి ఉందా, ఇచ్చాక కూడా అరగంటకు తగ్గకుండా అలాగే ఉంచుతున్నారా చూడండి. ఒక రోగి దగ్గర వేసుకున్న గ్లవుజులతోనే పక్క రోగి దగ్గరికి వెళుతున్నారేమో గమనించండి. ఇంకొకటి, పడిపోయిన వైపు చెయ్యి పట్టి లాగి లేపుతున్నారా? అలా లాగితే భుజం కీలు జారి, ఆ నొప్పితో మనిషి వ్యాయామానికే నిరాకరిస్తాడు. ఇంత చిన్న విషయం తెలియని చోట పునరావాసం జరుగుతోందనుకోవడం కష్టం.

చేతులు మంచానికి కట్టేసి ఉన్నవారు కనిపిస్తారేమో చూడండి. గొట్టం పీకేసుకుంటారని, పడిపోతారని కారణం చెబుతారు. ఒక్కోసారి తాత్కాలికంగా తప్పకపోవచ్చు, కానీ డాక్టరు రాతపూర్వక ఆదేశం, కుటుంబానికి సమాచారం, ఎంతసేపు అన్న లెక్క ఉండాలి. సౌకర్యం కోసం కట్టేయడాన్ని అమెరికా 1987 చట్టంతోనే నిషేధించింది. కట్టకుండా నిద్రమాత్రలతో మగతలో ఉంచడం కూడా అలాంటిదే. పట్టపగలు వార్డంతా నిద్రపోతూ ఉంటే ఎందుకని అడగండి.

వీలైతే అక్కడున్నవారిలో అందరికన్నా నిస్సహాయంగా ఉన్న మనిషి ఎవరో గుర్తించి, ఆ మంచం దగ్గర కాసేపు నిలబడండి. బంధువులు అరుదుగా వచ్చే, మాట రాని, జ్ఞాపకం తప్పిన ఆ వృద్ధురాలి గోళ్లు కత్తిరించి ఉన్నాయా, నోరు శుభ్రంగా ఉందా, కళ్లద్దాలు అందే దూరంలో ఉన్నాయా? ఆయా ఆమెను ఏ వరసతో పిలుస్తోంది? బట్ట మార్చేటప్పుడు తెర లాగుతున్నారా? వాసన కూడా పట్టించుకోండి. ఒక మంచం దగ్గర కాసేపు మూత్రం వాసన రావడం సహజం, ఇప్పుడే జరిగి ఉండవచ్చు. కేంద్రమంతా ఎప్పుడూ ఆ వాసనే ఉన్నా, దాన్ని కప్పేంతగా ఫినాయిల్ కొట్టినా, ఆలోచించండి. ఆమెకు జరుగుతున్నదే, మీరు ఊళ్లో లేని రోజున నాన్నగారికి జరుగుతుంది.

విశాఖలో ఉంటున్నాం కాబట్టి తుపాను సంగతి మరవకండి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు నగరంలో చాలా ప్రాంతాలకు రోజుల తరబడి కరెంటు, నీళ్లు లేవు. సక్షన్ యంత్రం, గాలి పరుపు, ఆక్సిజన్ కాన్సన్‌ట్రేటర్ అన్నీ కరెంటు మీద నడిచేవే. జనరేటర్ ఉందా, డీజిలు ఎన్ని గంటలకు సరిపోతుంది, లిఫ్టు ఆగితే స్ట్రెచర్ మెట్ల మలుపు తిరుగుతుందా? ఇంటిని మార్చి నడిపే చోట ఈ చివరి ప్రశ్న మరింత ముఖ్యం. అలాగే మళ్లీ పక్షవాతం లక్షణాలు కనిపిస్తే ఏ ఆసుపత్రికి, ఏ వాహనంలో, ఎంతసేపట్లో తీసుకెళతారో ముందే తెలుసుకోండి. ఎం.వి.పి. కాలనీకి హనుమంతవాకలోని విమ్స్, ఆరిలోవ హెల్త్ సిటీ ఆసుపత్రులు దగ్గర. రుషికొండ నుంచైతే అర్ధరాత్రి ఎంతసేపు పడుతుందో ఒకసారి ప్రయాణించి చూడండి.

డబ్బు విషయంలో రెండు జాగ్రత్తలు చాలు. ఆరోగ్య బీమా పాలసీల్లో విశ్రాంతి, పునరావాస సంరక్షణను మినహాయించే షరతు సాధారణంగా ఉంటుంది. డిశ్చార్జి తర్వాతి ఖర్చుల్లో మందులు, పరీక్షల వంటివి కొన్ని వస్తాయేమో పాలసీ చదివి కంపెనీని రాతపూర్వకంగా అడగండి. రెండోది, నెల ప్యాకేజీలో ఏవి కలిసి ఉన్నాయో, డైపర్లు, థెరపీ, డాక్టరు విజిట్లు విడిగా వేస్తారో, మధ్యలో తీసుకెళితే అడ్వాన్సు ఎంత తిరిగి ఇస్తారో కాగితం మీద రాయించుకోండి.

ఇక రెండింటిలో ఏది అని అడిగారు. చూడకుండా తీర్పు చెప్పడం న్యాయం కాదు గానీ, నా మొగ్గు దాచను. రాత్రి నర్సు, రోజూ ఫిజియో, స్పీచ్ థెరపిస్టు ఉన్నారని మీ కళ్లతో చూసి తేల్చుకుంటే, ఎం.వి.పి. కాలనీ వైపే మొగ్గుతాను. కారణం ఖర్చులో తేడా కాదు, మీ అమ్మగారు. రోజూ వేర్వేరు వేళల్లో ఒక మనిషి వచ్చి పక్కన కూర్చుంటుందని తెలిసిన రోగి మంచం ఏ కేంద్రంలోనూ నిర్లక్ష్యానికి గురికాదు. పైగా మాట కూడదీసుకుంటున్న మీ నాన్నగారికి, ఆయన సగంలో ఆపిన మాటను కూడా అర్థం చేసుకోగలిగేది ఆవిడే. సముద్రం కనిపించే కిటికీ ఆ పని చేయలేదు. అయితే చిన్న కేంద్రంలో థెరపిస్టులు పేరుకే ఉండి, పెద్దదానిలో నిజంగా రోజుకు రెండు పూటలా పని చేయిస్తుంటే, మొదటి మూడు నెలలకు అక్కడ చేర్చి, తర్వాత దగ్గరికి మార్చుకోండి. దూరం ఎక్కువైనా ఆ వారాలు పోగొట్టుకోకూడదు. ఈ విషయం తమ్ముడితో మాట్లాడేటప్పుడు రేటింగుల మీద వాదన పెట్టుకోకుండా, మీరు చూసిన చార్టులు, రాత్రి సిబ్బంది లెక్క ఆయన ముందు పెట్టండి. ఖర్చులో ఆయన భాగం ఉన్నట్టే బాధ్యతలో కూడా ఉండాలి. వారానికోసారి డాక్టరుతో వీడియోలో మాట్లాడే పని ఆయనకు అప్పగించండి. ఏ చోటైనా మొదట ఒక నెలకే ఒప్పుకోండి.

చేరాక ఏదైనా తేడాగా అనిపిస్తే ముందు నర్సుతో, ఆ తర్వాత డాక్టరుతో మర్యాదగా, తేదీ వేసి రాసిన కాగితంతో మాట్లాడండి. చాలావరకు అక్కడే సర్దుకుంటుంది. సర్దుకోకపోతే జిల్లా వైద్య ఆరోగ్యాధికారి ఉన్నారు, వయోవృద్ధుల కోసం కేంద్ర ప్రభుత్వం నడిపే ఎల్డర్‌లైన్ 14567 ఉంది, డబ్బు తగాదా అయితే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది. ఫిర్యాదు చేస్తే నాన్నగారిని సరిగా చూడరేమోనన్న భయం చాలామందిని నోరు మూయిస్తుంది. ఆ భయం కలిగించే చోటు నుంచి మార్చేయడమే మంచిది.

డిశ్చార్జి రోజున ఆసుపత్రి నుంచి డిశ్చార్జి సమ్మరీ, వేళలతో సహా మందుల జాబితా, స్కాన్ రిపోర్టులు, క్యాథెటర్, ముక్కు గొట్టం చివరిసారి మార్చిన తేదీలు అడిగి తీసుకోండి. కేంద్రంలో అడుగుపెట్టగానే, పక్క మీద పడుకోబెట్టేముందు, నర్సును పక్కన పెట్టుకుని వీపు, నడుము, తుంటి, మడమలు చూడండి. ఎక్కడైనా ఎర్రబారినా, గీరుకున్నా కేస్ షీట్‌లో రాయించి ఇద్దరూ సంతకం చేయండి.